మొప్పలు చూసి కొన్న టీవీ

మా అమ్మ కంటి ఆపరేషన్ బాగా జరిగిందా లేదా అన్నది తేల్చుకోవడానికి మేమంతా మా ఇంట్లోని పాత టీవీని నమ్ముకున్నాం. డాక్టరు ఉన్నాడు. ఆయన దగ్గర కంట్లోకి వెలుగు వేసి చూసే యంత్రం ఉంది. చదువు రానివాళ్ల కోసం, మూడు పళ్ల దువ్వెన లాంటి బొమ్మలు అన్ని దిక్కులకూ తిరిగి ఉన్న బోర్డు ఒకటి గోడకుంది. అయినా మేం టీవీనే నమ్మాం. చదువుకున్న కుటుంబమని మా వీధిలో మాకు పేరు.

అప్పట్లో మేం విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో ఉండేవాళ్లం. బొగ్గు కాల్చి కరెంటు తయారుచేసే ఊరు కాబట్టి, కరెంటు పోయినప్పుడు మిగతా ఊళ్లవాళ్ల కంటే మాకు కొంచెం ఎక్కువ అవమానంగా ఉండేది. నేను ఒక ప్రైవేటు కాలేజీలో కామర్స్ చెప్పేవాణ్ని. ఇంట్లో నేనూ, మా ఆవిడా, మా అమ్మా. అమ్మ పుట్టింది కొల్లేటి లంకల్లో. నాన్న పోయాక బెజవాడ మార్కెట్లో చేపల కొట్టు పెట్టి నన్ను చదివించింది. నా బీకామూ, ఎంకామూ బొచ్చెలూ శీలావతులూ కలిసి కట్టిన ఫీజులతో వచ్చినవే.

చేపను చూసే విషయంలో అమ్మకు రెండే పరీక్షలు. కన్ను ఉబ్బెత్తుగా, తేటగా ఉందా. మొప్ప ఎత్తితే లోపల ఎర్రగా ఉందా. ఈ రెండూ చూడ్డానికి ఆమెకు రెప్పపాటు కంటే ఎక్కువ పట్టేది కాదు. తన కళ్లకే మసక మొదలయ్యాక కొన్నాళ్లు ముక్కుతో నెట్టుకొచ్చింది. తర్వాత ఒకరోజు, ఏళ్ల తరబడి తన దగ్గరే కొనే ఒకావిడ చేపను వెనక్కి తెచ్చి, మొహమాటంగా బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. తిట్టినా అమ్మ తట్టుకునేది. ఆవిడ తిట్టలేదు. ఆ వారంలోనే అమ్మ కొట్టు వేరేవాళ్లకి అప్పగించేసి ఇంట్లో కూర్చుంది.

రెండు కళ్లలోనూ శుక్లాలున్నాయన్నాడు డాక్టరు. ముందు కుడి కంటికి చేసి, అది కుదుటపడ్డాక ఎడమ కంటికి చేస్తానన్నాడు. ఎడమ కన్ను బాగా ముదిరిందనీ, ఆలస్యం చేస్తే దాని చూపు గురించి తాను ఏ హామీ ఇవ్వలేననీ నన్ను పక్కకి పిలిచి చెప్పాడు. నేను తలాడించాను. హామీలు ఇవ్వలేని పరిస్థితుల్లో నేను ఎప్పుడూ తలే ఆడిస్తాను.

కుడి కంటి ఆపరేషన్ అయింది. కట్టు విప్పారు. ఇంటికి తీసుకొచ్చాం. మా ఇంట్లో ఎవరు ఎక్కణ్నుంచి వచ్చినా కాళ్లు కడుక్కుని టీవీ ముందు కూర్చోవడం ఆచారం. అమ్మనూ అలాగే కూర్చోబెట్టి, వార్తలు పెట్టి, ఇద్దరం చెరోపక్కా నిలబడ్డాం.

"కనబడుతోందా అమ్మా?"

అమ్మ చాలాసేపు చూసింది. "మబ్బుగానే ఉందిరా," అంది.

"మొదట్లో అట్టాగే ఉంటదిలే అత్తయ్యా. రెండ్రోజులాగితే సర్దుకుంటది," అంది మా ఆవిడ.

రెండ్రోజులు ఆగాం. వారం ఆగాం. వార్తలు చదివే అమ్మాయి మొహం పొయ్యి మీది పొగలోంచి చూస్తున్నట్టే ఉందంది అమ్మ. మళ్లీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఆయన యంత్రంలోంచి చూసి, దువ్వెనల బోర్డు చూపించి, చూపు బ్రహ్మాండంగా ఉందన్నాడు. బయటికొచ్చాక నేను అమ్మతో అన్నాను.

"డాక్టరు గారు బాగుందంటున్నారు కదమ్మా. బోర్డు కూడా అంతా సరిగ్గా చూపించావు."

"ఉన్నయ్యే నాలుగు దిక్కులు. తోచింది చూపించా."

"ఆయన అబద్ధం ఎందుకు చెప్తారు?"

"తను చేసిన పని బాలేదని ఎవరైనా చెప్తార్రా? ఇన్నేళ్లు కొట్టు మీద కూర్చున్నా. మా చేప కుళ్లిందండీ, తీసుకోకండీ అన్నవాణ్ని ఒక్కణ్ని చూపించు నాకు."

చూపించలేకపోయాను. ఎంకాంలో అలాంటి కేసు ఒక్కటీ చెప్పలేదు.

దాంతో అమ్మ నిర్ణయం అయిపోయింది. ఎడమ కంటి జోలికి ఎవరూ రావద్దంది. "ఒకటి పాడు చేశారుగా, చాలు. ఉన్నదాన్ని ఉన్నట్టు వదిలెయ్యండి," అని డాక్టరిచ్చిన నల్లద్దాలు పెట్టుకుని ఇంట్లోనే కూర్చోవడం మొదలుపెట్టింది. నల్లద్దాలు పెట్టుకున్న మనిషిని ఒప్పించడం కష్టం. మన మాట వింటోందో, నిద్రపోతోందో తెలియదు.

కుడి కన్ను బాగైందనడానికి ఆ రోజుల్లో ఇంట్లో సాక్ష్యాలకేం కొదవ లేదు. అద్దాలు తీసినప్పుడల్లా అమ్మ ఏదో ఒకటి అనేది. "ఇదేంటమ్మాయ్, గోడంతా ఈ బూడిదేంటి? దులుపుతున్నావా అసలు?" అని ఒకరోజు. "నీ నెత్తిన అన్ని తెల్లెంట్రుకలు ఎప్పుడొచ్చినయ్యే?" అని ఇంకోరోజు. మా ఆవిడ ఆ మర్నాడే రంగు వేసుకుంది, రెండ్రోజులు అత్తగారితో అవసరానికి మించి మాట్లాడలేదు. నన్ను చూసి, "ఏరా, ఇంత నల్లబడ్డావేంటి, నీడపట్టున చేసే ఉద్యోగమే కదా?" అంది. ఇవన్నీ ఆపరేషన్ వల్ల వచ్చిన చిరాకు అనుకున్నాం. బూడిద అయితే నిజంగానే ఉంది. మా ఊళ్లో అది ఎప్పుడూ ఉండేదే. కొత్తగా కనబడింది అమ్మకే. ఆ ముక్క మా ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు, ఎందుకంటే టీవీ ఎదురుగా పెట్టుకుని ఇంకో సాక్షిని పిలవాల్సిన అవసరం మాకు కనబడలేదు.

ఆ టీవీ తొంభైల మొదట్లో కొన్నది. కొన్న రోజు వీధి వీధంతా వచ్చి, చెప్పులు బయట విడిచి మరీ రంగులు చూసి వెళ్లారు. ఆ తర్వాత దాని పిక్చర్ ట్యూబు మాతోపాటే ముసలిదవుతూ వచ్చింది. రంగులు ఏడాదికి కాస్త చొప్పున తగ్గాయి. అంత నిదానంగా తగ్గేసరికి తగ్గినట్టే అనిపించలేదు. క్రికెట్లో బంతి ఎటు పోయిందో కామెంటేటర్ చెబితేనే నాకు తెలిసేది. కామెంటేటర్లు ఉన్నది అందుకేననుకునేవాణ్ని.

మా కాలేజీలో ఇంగ్లీషు చెప్పే మిత్రుడు ఒకాయన బెజవాడలో తన ఇంటికి గోడకు తగిలించే పల్చటి టీవీ కొన్నాడు. మ్యాచ్ చూడ్డానికి పిలిచాడు. బంతి కనబడింది. బంతి మీది కుట్లు కూడా కనబడ్డాయి. నేను ఇంటికొచ్చి మా ఆవిడతో, పాపం అమ్మకు పెద్ద టీవీ అయితే కాస్త కనబడుతుందేమో అన్నాను. మా ఆవిడ నా వైపు ఒక చూపు చూసింది కానీ కాదనలేదు. సీరియళ్లు ఆవిడవి.

కొనడానికి అమ్మను తీసుకెళ్లకుండా కుదరదు. బేరం ఆడకుండా వస్తువు కొనడం అమ్మ లెక్కలో దొంగతనం కిందే జమ. అందులో దొంగ ఎవరన్నది సందర్భాన్ని బట్టి ఉంటుంది. "నాకేం కనబడుద్ది, నేనెందుకు?" అంటూనే నల్లద్దాలు సర్దుకుని మాకంటే ముందు వీధిలోకి వచ్చి నిలబడింది. సిటీ బస్సెక్కి, దిగి ఆటో పట్టుకుని, ఒక సాయంత్రం గవర్నర్‌పేటలో ఒక షోరూముకి వెళ్లాం.

లోపల ఏసీ చల్లదనం. గోడ నిండా టీవీలు. అన్నింట్లోనూ ఒకే బొమ్మ కదులుతోంది. టై కట్టుకున్న సేల్స్‌మన్ ఒకాయన మమ్మల్ని చూసి, ముగ్గురిలో ఎవరి దగ్గర నిర్ణయం ఉందో అంచనా వేయబోయి, పొరపాటున నన్ను ఎంచుకున్నాడు.

"సార్, ఇది హెచ్‌డీ రెడీ. అది ఫుల్ హెచ్‌డీ."

"రెడీ అంటే?"

"అంటే సిద్ధంగా ఉంటదండి."

"దేనికి?"

"హెచ్‌డీ వచ్చినప్పుడు చూపించడానికండి."

"ఎప్పుడొస్తుంది?"

"వస్తదండి," అన్నాడాయన, నమ్మకంగా.

నేను ఆ సమాధానం అర్థమైన మొహం పెట్టాను. ఆయన కాంట్రాస్ట్ గురించి చెప్పడం మొదలుపెట్టాడు. గోడ మీద పూలయ్యాయి, జలపాతాలయ్యాయి, చిలకలు ఎగిరిపోయాయి. తర్వాత ఏదో విదేశపు చేపల మార్కెట్ వచ్చింది. ఐసు ముక్కల మీద వరసగా పేర్చిన చేపలు, వాటి మీదుగా మెల్లగా కదిలే కెమెరా.

అంతవరకూ నల్లద్దాలతో స్టూలు మీద కూర్చుని ఉన్న అమ్మ అద్దాలు తీసి లేచింది. రెండడుగులు ముందుకొచ్చి ఆగింది. టీవీలు ఇంకా గదికి అవతలే ఉన్నాయి.

"ఇదిగో అబ్బాయ్," అంది సేల్స్‌మన్‌తో. "ఆ మూలది వద్దు."

"అది మా దగ్గర టాప్ మోడల్ అండీ అమ్మగారూ! అన్నింటికంటే ఖరీదు!"

"కావచ్చు. మొప్పలకి రంగేశారు."

"అండీ?"

"మొప్ప అంత ఎరుపు ఏ చేపకీ ఉండదు. ఎవరికి అంటగడతావు అది? దాని కిందది చూడు, అదే చేప, మొప్ప పాలిపోయింది. నిన్నటి సరుకులాగుంది. ఇదిగో ఈ నడిమిది, దీంట్లో ఉంది సరిగ్గా. కన్ను కూడా తేటగా ఉంది చూడు."

"అది ఒకే సీడీ అండీ. అన్నింట్లో ఒకటే చేప."

"చేప ఒకటేలే. అమ్మేవాళ్లే వేరు." అమ్మ ఇంకాస్త పరకాయించి చూసింది. "అది మన గండిచేపే."

"కాదేమోనండి, అది ఫారిన్ సీడీ..."

"ఫారినెళ్లినా గండిచేప గండిచేపే. నాకు చెప్తావేంటి నువ్వు?"

నేను ఇంకా ఆ టాప్ మోడల్ వైపే దిగులుగా చూస్తున్నాను. మా ఆవిడ నా మోచేతి మీద గిల్లింది. గట్టిగానే గిల్లింది.

"ఏవండీ," అంది చెవిలో. "అత్తయ్యకి కనబడుతోంది."

నాకు అప్పుడు వెలిగింది. అమ్మ నిలబడ్డ చోటి నుంచి నాకు ఆ చేపల కళ్లు కనబడటం లేదు. నా కళ్లద్దాల నంబరు మార్చుకోవాలని అంతకుముందే తెలుసు. కానీ ఆ క్షణంలో నాకు కలిగిన ఆనందానికి దాంతో సంబంధం లేదు. గొంతు సరిచేసుకుని, ఏమీ ఎరగనట్టు అడిగాను.

"అమ్మా, ఎడం కన్ను మూసుకుని చూడు."

మూసుకుంది. "ఆ, ఉంది. ఐసు కరుగుతోంది కూడా. త్వరగా అమ్ముకోవాలి వాళ్లు."

"ఇప్పుడు కుడి కన్ను మూసుకో."

కుడి అరచెయ్యి కంటికి అడ్డం పెట్టుకుంది. చెయ్యి తీసింది. మళ్లీ పెట్టింది. మళ్లీ తీసింది. సేల్స్‌మన్ ఇదేదో కొత్తరకం బేరమనుకుని కంగారుపడ్డాడు.

"చూశావా అమ్మా! ఆపరేషన్ బాగానే అయింది. కుడి కంటికి చక్కగా కనబడుతోంది నీకు."

ఆమె మొహం ఒక్కసారి విప్పారింది. ఆ తర్వాత, పాతికేళ్లు కొట్టు నడిపిన మనిషి మొహంలోకి ఒక్కో గీతా తిరిగి వచ్చింది.

"కొట్లో ఏదైనా బాగానే కనబడుద్దిరా," అంది. "అందుకే కదా ఇన్ని లైట్లు పెట్టింది. మేం మాత్రం చేపల మీద నీళ్లు చల్లమా? ఇంటికెళ్లాక చూద్దాం."

నడిమి టీవీనే కొన్నాం. అమ్మ బేరంలో ఒక స్టాండు, ఒక స్టెబిలైజరు, ఎందుకో తెలియదు కానీ ఒక గోడ గడియారం అదనంగా వచ్చాయి. సేల్స్‌మన్ మమ్మల్ని గుమ్మం దాకా సాగనంపాడు. మేం వెళ్తున్నామని నిర్ధారించుకోవడానికి కావచ్చు.

మర్నాడు టీవీ ఇంటికొచ్చింది. బిగించే మనిషి బిగించి, మా కేబుల్ వైరు దాని వెనక గుచ్చి, సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాడు. మేం అమ్మను ఎదురుగా కూర్చోబెట్టాం. ఈసారి నేను పక్కన నిలబడలేదు, ధీమాగా కుర్చీలో కూర్చున్నాను. మా ఆవిడ కాఫీ కూడా తెచ్చింది.

స్విచ్చి వేశాను.

వార్తలు చదివే అమ్మాయి వచ్చింది. మొహం ఈ చివర నుంచి ఆ చివర దాకా సాగింది. రాత్రికి రాత్రి ఆ అమ్మాయి ఒళ్లు చేసినట్టుంది. అంచులన్నీ నీళ్లలో నానిన అట్టలాగా చెదిరిపోయి ఉన్నాయి. ఛానల్ మార్చాను. సీరియల్లో అత్తా కోడలూ ఇద్దరూ సమానంగా మసకబారి పోట్లాడుకుంటున్నారు. రిమోట్ మీద ఉన్న బొత్తాలన్నీ నొక్కాను. ఒకదానికి బొమ్మ ఆకుపచ్చగా మారింది. ఇంకోదానికి మాటలు ఆగిపోయాయి.

అమ్మ తన ఒళ్లోంచి నల్లద్దాలు తీసి మెల్లగా పెట్టుకుంది.

"చెప్పాగా," అంది. "కొట్లో లైట్లురా అవి."

"అది కాదమ్మా..."

"పోనీలే. మీరు మాత్రం ఏం చేస్తారు."

అంతకుముందు ఆమె కోప్పడినా, వెటకారం చేసినా నేను తట్టుకున్నాను. ఆ "పోనీలే" మాత్రం నాకు మింగుడు పడలేదు. కొట్టు అప్పగించిన రోజున కూడా ఆమె అదే గొంతుతో మాట్లాడింది. కాఫీ చల్లారిపోయింది, ఎవరమూ తాగలేదు. మా ఆవిడ వంటింట్లోకి వెళ్లి గిన్నెలు కడగడం మొదలుపెట్టింది. అవి అప్పటికే కడిగిన గిన్నెలు.

నేను కేబుల్ ఆయనకి ఫోన్ చేశాను. కేబుల్ ఆయన అంటే మా వీధి చివర చిన్న గదిలో డిష్షులు పెట్టుకుని ఊరంతటికీ వైర్లు లాగిన మనిషి. ఎప్పుడు పిలిచినా రేపొస్తానని ఎల్లుండి వచ్చేవాడు. కొత్త టీవీ అనగానే మాత్రం, చూడాలన్న ముచ్చటతో కావచ్చు, సైకిలేసుకుని వెంటనే వచ్చాడు. చెప్పులు విడిచి, టీవీని చుట్టూ తిరిగి చూసి, వెనక తట్టి, చాలా మెచ్చుకున్నాడు.

"టీవీ అదిరిందండీ మాస్టారూ. మన సైడ్ ఇంకెవరింట్లోనూ లేదిది."

"అది సరేనయ్యా, బొమ్మ ఇలా వస్తోందేం? షోరూములో చక్కగా వచ్చింది."

"అక్కడ సీడీ వేస్తారండి. ఇక్కడ వచ్చేది మా లైను కదా."

"అయితే?"

ఆయన తల గోక్కున్నాడు. ఇరుకున పడ్డాడు, కానీ ఆ టీవీ అంటే ఆయనకి కలిగిన గౌరవం పెద్దది. దాని ఎదురుగా అబద్ధమాడలేకపోయాడు.

"మా లైన్లో వచ్చే బొమ్మే అంతండి. ఎప్పట్నుంచో అంతే. చిన్న టీవీల్లో తెలీదు. టీవీ పెద్దదయ్యేసరికి మసక కూడా పెద్దదయింది. తేడా మీ టీవీలో లేదండి, మా దాంట్లోనే ఉంది."

నల్లద్దాలు ఆయన వైపు తిరిగాయి.

"ఏంటీ? మళ్లీ చెప్పు."

"అదేనండి అమ్మగారూ, మా సిగ్నలే బాగోదని."

"నువ్వేనా అమ్మేది అది?"

"నేనేనండి."

"నెలనెలా డబ్బులు తీసుకునేది నువ్వేనా?"

"నేనేనండి," అన్నాడాయన, గొంతు తగ్గించి.

"నీ సరుకు నువ్వే బాగోలేదంటున్నావు."

"ఉన్నమాట చెప్పాలి కదండి."

అమ్మ అద్దాలు తీసేసింది. ఆయన మొహంలోకి చూసింది. టీవీ చూసినంత సేపు చూసింది. ఆ మనిషి పాపం చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక స్క్రూడ్రైవరు అటూ ఇటూ తిప్పుతున్నాడు. ఇన్నేళ్ల వ్యాపారంలో ఆమెకు దొరకని మనిషి సైకిలేసుకుని ఇంటికే వచ్చాడు. డాక్టరు యంత్రంతో చెప్పినా, దువ్వెనల బోర్డు చెప్పినా, కొడుకు చెప్పినా నమ్మని మా అమ్మ, కేబుల్ ఆయన మాట ఠక్కున నమ్మేసింది.

"అమ్మాయ్, ఈ అబ్బాయికి కాఫీ ఇవ్వు," అంది. "వేడిగా కలిపివ్వు. మీరు చల్లార్చినవి కాదు."

తర్వాత నా వైపు తిరిగి, ఏదో కూర సంగతి అడిగినంత మామూలుగా, "ఎడం కంటికి ఎప్పుడు రమ్మన్నాడ్రా డాక్టరు?" అంది.

నేను కుర్చీలోంచి లేచి, ఎందుకు లేచానో గుర్తురాక మళ్లీ కూర్చున్నాను. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

ఆ పై వారం డాక్టరు ఎడమ కన్ను పరీక్షించి, మరీ మించిపోలేదన్నాడు. ఆ మాట విని నేను మళ్లీ తలాడించాను, ఈసారి అవసరమైన దానికంటే ఎక్కువసేపు. ఆపరేషన్ రోజున ఆసుపత్రిలో ముందు హాల్లో కూర్చున్నాం. గోడకు ఎత్తుగా ఒక టీవీ ఉంది. మా పక్కన ఒక పెద్దావిడ, ఒక కంటికి ఆపరేషన్ అయి చూపించుకోవడానికి వచ్చినావిడ, ఆ టీవీ వైపు చూసి, "అంతా మసగ్గానే ఉందమ్మా, ఏంటో," అని దిగులుపడుతోంది.

"అది నీ కన్ను కాదు, కేబులు," అంది అమ్మ. "ఆ గడియారం చూడు. టైమెంత?"

పెద్దావిడ చూసి చెప్పింది. సరిగ్గానే చెప్పింది.

"మరి!" అంది అమ్మ.

నర్సు వచ్చి అమ్మ పేరు పిలిచింది. అమ్మ చెవి దుద్దులు తీసి కోడలి చేతిలో పెట్టి, మా వైపు తిరిగి చూడకుండా లోపలికి వెళ్లిపోయింది. తలుపు మూసుకుంది. మేమిద్దరం కాసేపు ఆ తలుపు వైపే చూస్తూ కూర్చున్నాం. ఆశ్చర్యం ఏమిటంటే, భయం వేయలేదు. మొదటిసారి కూర్చున్నప్పుడు మంచినీళ్లు కూడా దిగలేదు.

"ఏవండీ," అంది మా ఆవిడ. "ఆకలేస్తోంది."

నాకూ వేస్తోంది. ఎదురుగా సందులో ఒకావిడ బండి మీద పునుగులు వేస్తోంది. పొట్లాం తెచ్చుకుని, మెట్ల మీద కూర్చుని, చట్నీ చాలక రెండోసారి వెళ్లి వేయించుకుని తిన్నాం.